రెండో స్తంభం

పోయిన వేసవిలో మా మేడ మీద ఓ ఇనప గొట్టం నిలబెట్టారు. దాని తలకి అన్నం పళ్లెమంత తెల్లటి డిష్షు బిగించారు. అలాంటిదే ఇంకోటి, అరకిలోమీటరు దూరంలో పొలం పక్కనున్న మా కల్లం ఇంటి మీద పెట్టారు. ఇంట్లో సందడికి పని సాగడం లేదని మా కోడలు కంప్యూటరు పట్టుకుని అక్కడికే వెళ్లి కూర్చుంటుంది. ఇంటర్నెట్టు మాత్రం మా ఇంటి వరకే ఉంది. అక్కడికి లాగిన తీగని గడ్డి లారీలు రెండుసార్లు తెంపేశాయి. ఇక తీగే లేకుండా కానిద్దామని మా అబ్బాయి ఈ ఏర్పాటు చేయించాడు.

బిగించడానికి శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాడు ఎండలో రెండు గంటలు అవస్థ పడ్డాడు. డిష్షుని వెంట్రుకవాసి కదపడం, అవతలి మేడ మీదున్న మా అబ్బాయిని సిగ్నల్ ఎంతొచ్చిందని ఫోన్లో అడగడం, మళ్లీ కదపడం! నాకేమో అవతలి ఇల్లు శుభ్రంగా కనిపిస్తూనే ఉంది. కంటికి కనిపిస్తే చాలదట. తరంగాలు దారంలా సన్నగా పోవు, దోసకాయలా మధ్యలో ఉబ్బి పోతాయి, ఆ ఒళ్లంతటికీ దారి ఖాళీగా ఉండాలి అని ఆ అబ్బాయి చెప్పాడు. మధ్యలో మా కొబ్బరి మట్టలు అడ్డొచ్చాయన్నమాట. గొట్టం మూడడుగులు పెంచాక పని అయింది. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా జింకు పూసిన గొట్టమే వాడాడు. పిడుగుల భయానికి ఎర్తు తీగ కూడా వేశాడు.

మజ్జిగ ఇస్తూ, ఇలా తీగ లేకుండా కబురు పంపడం మొదట ఎవరు చేశారు బాబూ అని అడిగాను. మార్కోని అన్నాడు టక్కున. తప్పని అనను. కానీ హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని కదా, నాకు వెంటనే ఇంకొకాయన గుర్తొచ్చారు. మేం చేసినట్టే రెండు స్తంభాలు పెట్టి, తన ఇంటికీ తాను పని చేసే కాలేజీకీ మధ్య తీగ లేని దారి వేయాలనుకున్నారాయన. అదీ 1896కి ముందు మాట! ఆయనే జగదీశ్ చంద్ర బోసు.

అమ్మ నగలు

బోసు 1858 నవంబరు 30న తూర్పు బెంగాల్లో పుట్టారు. తండ్రి భగవాన్ చంద్ర డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ హోదాలో ఉన్నవాళ్లు పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపే రోజుల్లో ఆయన మాత్రం కొడుకుని ఊళ్లోని బెంగాలీ బడిలో వేశారు. ఓ పక్క జాలరి కొడుకు, ఇంకో పక్క తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం బంట్రోతు కొడుకు, మధ్యలో మన జగదీశ్. బడి అయ్యాక ఆ పిల్లలంతా ఇంటికొస్తే తల్లి బామాసుందరి అందరికీ ఒకేలా తినడానికి పెట్టేది. ఆచారాలు బాగా పాటించే మనిషి అయినా పిల్లల విషయంలో ఆ తేడా చూపించలేదు. పెద్దయ్యాక బోసు ఈ సంగతి సభలో చెప్పుకుని మురిసిపోయారు.

చదువుకి ఇంగ్లండు వెళ్లాలనుకున్నప్పుడు ఇంట్లో డబ్బు కటకట. తండ్రి స్వదేశీ పరిశ్రమలంటూ పెట్టుబడులు పెట్టి అప్పుల పాలయ్యారు. పైగా ఓ కొడుకుని పోగొట్టుకున్న తల్లికి ఈ కొడుకుని సముద్రం దాటించడమంటే భయం. మొదట వద్దంది. తర్వాత తనే మనసు మార్చుకుని, కావాలంటే తన నగలు అమ్మైనా పంపిస్తానంది. 1880లో ఆయన ఓడెక్కారు. లండన్లో మొదట వైద్యం చదవబోయి, జ్వరంతో శవాల కోత గది వాసన భరించలేక మానేశారు. కేంబ్రిడ్జిలో సైన్సు చదివి 1885లో తిరిగొచ్చారు.

జీతం ముట్టని మూడేళ్లు

కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్సు ప్రొఫెసరు ఉద్యోగం వచ్చింది. అయితే తెల్లవాళ్ల జీతంలో మనవాళ్లకి మూడింట రెండు వంతులే! పదవి తాత్కాలికం కాబట్టి అందులోనూ సగం. అంటే తెల్ల ప్రొఫెసరుకి మూడు రూపాయలిస్తే ఈయనకి ఒక్క రూపాయి. బోసు గొడవ చేయలేదు, ఉద్యోగం మానలేదు. రోజూ వెళ్లి పాఠాలు చెప్పారు. నెలాఖరున ఇచ్చిన జీతం మాత్రం ముట్టుకోలేదు. ఇలా మూడేళ్లు!

ఈ పంతం మధ్యలోనే 1887లో ఆయనకి పెళ్లయింది. ఆ అమ్మాయి పేరు అబలా దాస్. పేరుకే అబల! బ్రహ్మసమాజ నాయకుడు దుర్గామోహన్ దాస్ కూతురు. డాక్టరు కావాలని కలలు కంది. కలకత్తా మెడికల్ కాలేజీ ఆడపిల్లని చేర్చుకోనంటే, 1882లో మద్రాసు మెడికల్ కాలేజీకి వచ్చి చేరింది. అప్పట్లో మన శ్రీకూర్మం, చికాకోలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోవే. పద్దెనిమిదేళ్లయినా నిండని బెంగాలీ పిల్ల భాష తెలియని ఊరికి అంత దూరం చదువుకి రావడం ఆ రోజుల్లో ఎంత సాహసమో ఆలోచించండి. ఆరోగ్యం చెడి చదువు మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఆ వెలితి ఆవిడ మనసులో ఉండిపోయింది.

జీతం రాని ఇంట్లో కాపురం ఎలా నడిపిందో మనలాంటి వాళ్లకి వివరించక్కర్లేదు. కలకత్తాలో అద్దెలు ఎక్కువని హుగ్లీ నది ఒడ్డున చందన్‌నగర్‌లో ఇల్లు తీసుకున్నారు. పొద్దున్నే ఇద్దరూ చిన్న పడవలో నది దాటేవారట. ఆయన రైలెక్కాక ఆవిడ పడవని వెనక్కి తెచ్చుకునేదట. మూడేళ్లకి ప్రభుత్వం దిగొచ్చింది. పూర్తి జీతం వెనకటి తేదీ నుంచి లెక్కగట్టి ఇచ్చింది. ఆ డబ్బు తండ్రి అప్పులకి వెళ్లింది.

స్నానాల గది పక్కన

పరిశోధనకి కాలేజీలో చోటు లేదు. స్నానాల గదిని ఆనుకుని ఉన్న చిన్న గదే ల్యాబు. పరికరాలు ఇంగ్లండు నుంచి తెప్పించుకునే స్థోమత లేక, ఓ రేకు పని చేసే అతనికి నేర్పించి అన్నీ ఇక్కడే చేయించుకున్నారు. 1894లో, తన పుట్టినరోజు నాడే, విద్యుత్ తరంగాల మీద పని చేయాలని నిశ్చయించుకున్నారు. అంతకు ముందు జర్మనీలో హెర్ట్జ్ కనిపెట్టిన తరంగాలు చాలా పొడుగు ఉండేవి. బోసు వాటిని కొన్ని మిల్లీమీటర్లకి కుదించారు. ఎందుకంటారా? పొడుగు తగ్గితే పరికరం కూడా బల్ల మీద పట్టేంత చిన్నదవుతుంది. తరంగాన్ని వెలుతురులా ఓ వైపుకి గురిపెట్టొచ్చు. గరాటులాంటి కొమ్ము చేసి దాంతో తరంగాలు పట్టారు. ఆ కొమ్ము ఆకారం నేటికీ యాంటెన్నాల్లో వాడుతున్నారు.

1895లో కలకత్తా టౌన్‌హాల్లో జనం ముందు ప్రదర్శన ఇచ్చారు. బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు మెకంజీ ముందు కూర్చున్నారు. తరంగం ఆయన ఒంటిలోంచి, గోడల్లోంచి దూసుకుపోయి 75 అడుగుల అవతలి గదిలో గంట మోగించింది, తుపాకి మందు అంటించింది. తీగ ఒక్కటీ లేదు. చూసినవాళ్లు నోళ్లు తెరిచారంటే ఆశ్చర్యమేముంది?

ఈ ప్రయోగాల కోసం ఆయన 20 అడుగుల స్తంభం మీద గుండ్రటి లోహపు పళ్లెం పెట్టి దాన్ని తరంగాలు పుట్టించే యంత్రానికి కలిపారు. అందుకునే వైపూ అలాంటిదే. ఇక ఆ రెంటినీ బయటికి తీసి ఒకటి ఇంటి మీద, ఒకటి మైలు దూరంలో ఉన్న కాలేజీ మీద పెట్టాలని అనుకున్నారు. ఇంతలో ఇంగ్లండు ప్రయాణం ఖాయమైంది. ఆ స్తంభాలు మేడలెక్కనే లేదు. అది తలుచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే ఆ కథ ఎలా ఉండేదో కదా!

మెట్లెక్కిన కెల్విన్

1896లో భార్యాభర్తలిద్దరూ కలిసే వెళ్లారు. లివర్‌పూల్ సభలో ఆయన ప్రసంగం అయ్యాక పెద్ద శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్, కాలు కుంటుతున్నా మెట్లెక్కి, పైన ఆడవాళ్ల వరసలో కూర్చున్న అబల దగ్గరికెళ్లి చేయి కలిపి అభినందించారు. చాలా పుస్తకాల్లో ఈ సంగతి ఒక్క వాక్యంలో అయిపోతుంది. నాకైతే ఇదే ముఖ్యమనిపిస్తుంది. వింటున్న అంత పెద్ద మనిషికి ఆ ప్రయోగం వెనక ఇంకో మనిషి ఉందని తట్టింది చూడండి.

అదే ఏడాది మార్కోని కూడా ఇటలీ నుంచి లండన్ చేరాడు. ఇరవై రెండేళ్లు నిండని కుర్రాడు. చేయిపట్టి తీసుకొచ్చింది తల్లి ఆనీ. పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు, కంపెనీ పెట్టాడు, మైళ్ల దూరం కబుర్లు పంపాడు. బోసుకి వ్యాపారం మీద మనసు లేదు. జ్ఞానాన్ని అమ్ముకోవడం ఆయనకి గిట్టదు. చివరికి సారా బుల్ అనే అమెరికా ఆవిడ, సిస్టర్ నివేదిత కలిసి బతిమాలి 1901లో ఓ పేటెంటుకి దరఖాస్తు పెట్టించారు. 1904లో అమెరికా దాన్ని మంజూరు చేసింది. గెలీనా అనే ఖనిజపు స్ఫటికంతో తరంగాల్ని పసిగట్టే పరికరమది. సెమీకండక్టరు పరికరాల్లో మొదటి తరం పేటెంటు అని ఇప్పుడు చెబుతారు. బోసు దాని మీద పైసా తీసుకోలేదు. హక్కులు మురిగిపోయాయి.

ఇది గొప్పేనా అని నా స్నేహితురాలు ఓసారి నిలదీసింది. ఇంటి ఖర్చు చూసే మనిషికి ఆ ప్రశ్న రావడం న్యాయమే. ఆ డబ్బుతో మరో ల్యాబు వచ్చేదేమో. ఆయన నమ్మింది ఆయన చేశారు. ఆ నమ్మకం ఖరీదు మాత్రం ఇంట్లోవాళ్లు కూడా మోశారు. రెండూ నిజమే.

అత్తిపత్తి ఆకులు

ఆ తర్వాత బోసు మనసు మొక్కల మీదికి మళ్లింది. అత్తిపత్తి ఆకు ముట్టుకుంటే ఎందుకు ముడుచుకుంటుందో, మొక్క క్షణక్షణం ఎంత పెరుగుతుందో కొలిచే యంత్రాలు చేశారు. లండన్లో కొందరు నమ్మక ఆయన వ్యాసాన్ని అచ్చు వేయకుండా ఆపారు. ఆ కష్టకాలంలో పుస్తకాల రాతపనిలో కూడా ఉన్నది నివేదిత. 1911లో డార్జిలింగులో బోసు దంపతుల దగ్గరుండగానే ఆవిడ కన్నుమూసింది. 1917లో కలకత్తాలో బోసు తన పరిశోధనా సంస్థ ప్రారంభించినప్పుడు అక్కడ దీపం పట్టుకున్న స్త్రీ శిల్పం పెట్టించారు. అది నివేదిత గుర్తు.

అబల ఊరికే కూర్చోలేదు. బ్రహ్మ బాలికా శిక్షాలయాన్ని ఏళ్ల తరబడి నడిపింది. 1919లో నారీ శిక్షా సమితి పెట్టి బెంగాల్ పల్లెల్లో 80కి పైగా బడులు తెరిపించింది. వితంతువులకి చదువు, చేతిపని నేర్పి, వాళ్లనే టీచర్లుగా చేసే ఆశ్రమం నడిపింది. డాక్టరు కాలేకపోయిన పిల్ల ఎంతమందికి దారి చూపిందో! 1937లో బోసు పోయాక కూడా 1951లో తను పోయేదాకా ఆవిడ ఆ పనిలోనే ఉంది.

2012లో అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ ఐట్రిపుల్ఈ, బోసు 1894 నుంచి 1896 దాకా చేసిన ప్రయోగాలకి గుర్తుగా ప్రెసిడెన్సీలో ఫలకం పెట్టించింది. మా డిష్షు నడిచేది 5 గిగాహెర్ట్జ్ మీద. నగరాల్లో మేడ నుంచి మేడకి ఇప్పుడు 60 గిగాహెర్ట్జ్ లింకులు కూడా పెడుతున్నారు. ఆ కుర్రాడి దగ్గర విన్నాను. అవి సుమారు 5 మిల్లీమీటర్ల తరంగాలు. స్నానాల గది పక్కన బోసు పుట్టించినవాటి కొలతే!

మా ఊరి కూర్మనాథుడు పడమటికి తిరిగి ఉంటాడు. అందుకే గుడికి తూర్పున ఒకటి, పడమట ఒకటి రెండు ధ్వజస్తంభాలు. కొత్తగా వచ్చినవాళ్లు ఒకదానికి దండం పెట్టి వెళ్లిపోతుంటే, ఇంకోటి కూడా ఉందమ్మా అని నేను పిలిచి చూపిస్తుంటాను. బోసు కథ చెప్పేటప్పుడూ నాకు అదే అలవాటు.

సాయంత్రం కల్లం ఇంట్లో దీపం వెలిగితే కోడలు ఇంకా పనిలో ఉందని తెలుస్తుంది. ఇక్కడి డిష్షు ఎంత ఖరీదుదైనా, అక్కడ ఎదురుగా ఇంకోటి కదలకుండా నిలబడకపోతే దీనికి పనే లేదు. మొన్న గాలివానకి అవతలిది కాస్త పక్కకి తిరిగింది. ఈసారి కుర్రాడి కోసం ఆగలేదు. నిచ్చెన వేసుకుని కోడలే ఎక్కి సరిచేసింది. నేను ఇటువైపు ఫోను పట్టుకుని సిగ్నల్ చెప్పాను.