శత్రువుల బిడ్డలకు వకాల్తా పట్టిన వనిత

యుద్ధము ముగిసిన పిమ్మట రాజనీతిజ్ఞులు సరిహద్దులను గూర్చియు, నష్టపరిహారములను గూర్చియు నెలల తరబడి లెక్కలు వేయుదురు. ఆ లెక్కలలో బిడ్డల పద్దు కానరాదు. గత శతాబ్దమున ఆ పద్దును పట్టుబట్టి వ్రాయించినది ఎగ్లంటైన్ జెబ్ అను ఆంగ్ల వనిత.

ఆమె 1876లో ష్రాప్‌షైరు సీమయందు ఎలెస్మియరు కడ భూస్వాముల యింట జన్మించెను. ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివి, కొంతకాలము చిన్నబడిలో ఉపాధ్యాయినిగా నుండెను. ఆ పని ఆమెకు సరిపడలేదు. పిల్లల గోల ఆమెకంతగా రుచించెడిది కాదు. ఆమెను స్తుతించువారు ఈ సంగతిని దాచనక్కరలేదు. తన యొడిలోని బిడ్డపై వాత్సల్యము ఎల్లరకును కలదు. కంటితో చూడని పరదేశపు బిడ్డకై పోరాడుటకు న్యాయబుద్ధి కావలెను. 1913లో, బాల్కను యుద్ధముల వెనుక, ఆమె మాసిడోనియాకు పోయి కాందిశీకుల దుఃస్థితిని కన్నులార చూచెను.

1918 నవంబరు 11న ఫిరంగులు ఆగెనే కాని, మిత్రరాజ్యముల నౌకాదిగ్బంధము ఆగలేదు. జర్మనీచే సంధిపత్రమును ఒప్పించువరకు, అనగా 1919 జూలై వరకు అది సాగెను. పాలును, కొవ్వును కరవై వియన్నా పిల్లల యెముకలు వంగిపోయెను. విదేశ పత్రికల వార్తలను తెనిగించినట్లే ఆంగ్లీకరించి ప్రకటించుచుండిన ఆమె సోదరి డొరొతీ బక్స్‌టన్ వలన ఈ ఘోరము ఇంగ్లండులో కొందరికి తెలిసెను. 1919 ఏప్రిలులో జెబ్ లండనులోని ట్రఫాల్గరు స్క్వేరునందు, చిక్కి శల్యమైన ఆస్ట్రియా పసిబిడ్డ ఛాయాపటము గల కరపత్రములను పంచెను. సెన్సారు అనుమతి లేదని ప్రభుత్వము రాజ్యరక్షణ చట్టము క్రింద నేరము మోపెను.

మే నెలలో విచారణ జరిగెను. వకీలును పెట్టుకొనక ఆమె తన వాదమును తానే వినిపించెను. బిడ్డల యాకలి రాజకీయ విషయము కాదనియు, కావున సెన్సారుతో తనకు పని లేదనియు ఆమె వాదము. చట్టము ఆ వాదమును ఒప్పలేదు. అయిదు పౌనుల జుల్మానా విధింపబడెను. అంతట ప్రభుత్వ పక్షమున వాదించిన సర్ ఆర్చిబాల్డ్ బాడ్కినే ఆ సొమ్మును ఆమె చేతిలో పెట్టెను. గెలిచిన వకీలు ఓడిన ముద్దాయి జుల్మానా నిచ్చుట మన కోర్టులలో ఎవరైనను చూచియుందురా?

ఆ సొమ్మే మూలధనమై, మే 19న ఆల్బర్టు హాలు సభలో బాలరక్షణ నిధి వెలసెను. శత్రువులకు అన్నము పెట్టుదుననువారిపై విసరుటకు కుళ్ళిన పండ్లు తెచ్చినవారును ఆ సభలో నుండిరని చెప్పుదురు. 1921లో రష్యాను క్షామము పీడింపగా, బోల్షివిక్కులకు సాయమా యని పలువురు ఈసడించినను, 600 టన్నుల సామగ్రితో ఆమె సంస్థ ఓడ బయలుదేరెను. సరాటొవు మండలమున బాలుర కొరకు అన్నసత్రములు తెరువబడెను.

1923లో ఆమె రచించిన అయిదు సూత్రముల బాలహక్కుల ప్రకటనను మరుసటి సంవత్సరము నానాజాతి సమితి అంగీకరించెను. విపత్తులో మొదటి సాయము బిడ్డకే అందవలెననుట అందొకటి. వేరొక సూత్రమున ఆకలిగొన్నవానికి అన్నము, రోగికి చికిత్స, అనాథకు నీడ అనువాని నడుమనే, దారి తప్పిన బాలుని మరల దారికి తేవలెనని ఆమె వ్రాసెను. తప్పు చేసిన బిడ్డను అనాథతోపాటు ఒకే వాక్యములో కూర్చుండబెట్టుట సామాన్యము కాదు. బలవంతముగా తుపాకి పట్టింపబడిన బాలుడు నేరస్థుడా, బాధితుడా యని నేటికిని న్యాయవేత్తలు తర్కించుచున్నారు. ఆ వాక్యమున వానికి ముందే చోటు కలదు. అయితే ఆ ప్రకటన ఏ రాజ్యమును బంధింపలేదు. పదునైదేండ్లకే ఐరోపా మరల మండెను. 1989 నాటి ఐక్యరాజ్య సమితి ఒడంబడిక దానిని చట్టముగా చేసెను. యుద్ధబాధితులైన బాలలను కోలుకొనజేయుట 39వ అధికరణము; నేరము మోపబడిన బాలుని గౌరవము కాపాడి సంఘములో తిరిగి చేర్చుట 40వది. భారతదేశము 1992లో అందు చేరెను.

జెబ్ వివాహమాడలేదు. చిరకాల వ్యాధిగ్రస్తురాలై 1928 డిసెంబరు 17న, 52 ఏండ్ల వయస్సున జెనీవాలో మరణించెను. ఆ నగరము 2024లో ఆమె అస్థికలను మహనీయుల శ్మశానవాటికకు మార్చెను.