ఆటగాడి కాళ్ల గురించి ఆలోచించిన నాయకుడు: ఉస్మానియా బిడ్డ రహీం సాబ్

తార్నాక చౌరస్తా దాటి ఉస్మానియా క్యాంపస్‌లో అడుగుపెట్టే ప్రతి విద్యార్థికీ ఇక్కడి పోరాటాల చరిత్ర ఎంతోకొంత తెలుసు. 1969 ఉద్యమం తెలుసు, జార్జి రెడ్డి తెలుసు, మలిదశ తెలంగాణ ఉద్యమం తెలుసు. కానీ ఈ విశ్వవిద్యాలయం జట్టులో ఫుట్‌బాల్ ఆడి, ఆ తర్వాత భారత జట్టును ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా నడిపించిన సయ్యద్ అబ్దుల్ రహీం పేరు చాలామందికి తెలియదు. 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చాక ఆ పేరు కొంత వినబడింది. సినిమా పతకాల కథ చెప్పింది. మేము చెప్పదలచుకున్నది వేరే సంగతి. క్రీడా సంఘం కుర్చీలో కూర్చున్న మనిషి ఆటగాడి శరీరాన్ని ఏ కంటితో చూడాలి? రహీం జీవితంలో ఈ ప్రశ్నకు చాలావరకు జవాబు ఉంది.

ముందే ఒక మాట. రహీం దళితుడు కాదు. సయ్యద్‌లు ముస్లిం సమాజంలో పై మెట్టున ఉన్నవాళ్లు. ఆయన్ని మా కులపు వీరుడిగా చూపించే ప్రయత్నం మేము చేయడం లేదు. కానీ ఆయన తయారుచేసిన ఆటగాళ్లలో చాలామంది బస్తీల నుంచి, కంటోన్మెంట్ గుడిసెల నుంచి, పోలీసు లైన్ల నుంచి వచ్చినవాళ్లు. భూమి లేనివాడికి, పుస్తకాలు కొనలేనివాడికి శరీరమే ఆస్తి. ఆ ఆస్తిని ఎవరు కాపాడారు, ఎవరు వాడుకుని పారేశారు అన్నది మనకు సంబంధించిన ప్రశ్నే.

బడిపంతులు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఆయన చదువుకునే నాటికి ఇవాళ మనం చూస్తున్న ఆర్ట్స్ కాలేజీ భవనం లేదు. అది ప్రారంభమైంది 1939లో. అంతకుముందు ఉర్దూ మాధ్యమంలో నడిచిన ఉస్మానియా తరగతులు గన్‌ఫౌండ్రీ వైపు భవనాల్లో జరిగేవి. అక్కడ పట్టా తీసుకున్న రహీం విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు. సిటీ కాలేజీ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి పెట్టుకున్న ఎలెవన్ హంటర్స్ జట్టుకు ఆడారు. తర్వాత కమర్ క్లబ్‌కు ఆడారు.

బతుకుదెరువుకు ఆయన ఎంచుకున్నది పంతులు ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి బడుల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యత ఆయనదే. అంటే కోచ్, కార్యదర్శి, బడిపంతులు ముగ్గురూ ఒకే మనిషి. ఉదయం మైదానంలో పిల్లవాడి కాలి దెబ్బ చూసినవాడే సాయంత్రం సంఘం కాగితాల మీద సంతకం పెట్టేవాడు. మైదానానికీ కుర్చీకీ మధ్య ఇవాళ కనిపించే దూరం అక్కడ లేదు.

ఆయన పోటీలు పెట్టిన తీరు చూస్తే పంతులు బుద్ధి తెలుస్తుంది. బంతిని కాలి దగ్గరే పెట్టుకుని ఒంటరిగా ఉరికే ఆటను నిషేధించి, పాస్‌లతోనే ఆడాల్సిన టోర్నమెంట్లు పెట్టారు. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమ కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టారు. ఎత్తును బట్టి కుర్రాళ్లను విడదీసి ఆడించారు. బంతిని నేల మీదే ఉంచి, ఒక్క తాకుతో పక్కవాడికి అందించే ఆట ఆయనది. ఇందులో వ్యూహం ఉంది, నిజమే. ఇంకొకటి కూడా ఉందని మేము అనుకుంటున్నాం. పిడికెడు మెతుకులు తిని వచ్చిన సన్నటి పిల్లవాడిని ఒడ్డూ పొడుగూ ఉన్నవాడితో ఢీకొట్టించకుండా, తెలివితో గెలిపించే దారి అది.

1948 తర్వాత

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం రాజ్యం కూలింది. హైదరాబాద్ రాజ్యంలోని ఎన్నో ఊళ్లలో ముస్లింలు హత్యలకు, దోపిడీకి గురయ్యారు. సర్కారు కొలువుల్లో ఉన్న చాలామంది బతుకుదెరువు పోగొట్టుకున్నారు. ఒక సమాజం మొత్తాన్ని అనుమానంతో చూసిన రోజులవి. ఆ రోజుల్లోనే, 1950లో, రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బుల చేతుల్లో ఉన్న ఆటను హైదరాబాద్ పోలీసు జవాన్లు లాక్కున్నారు. 1956లో, 1957లో సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్‌కే వచ్చింది.

పోలీసు జట్టు అంటే పేద కుర్రాడికి ఆట ఒక్కటే కాదు. నెల జీతం, వేళకు తిండి, దెబ్బ తగిలినా ఉద్యోగం పోదన్న ధీమా. ఇవాళ తెల్లవారుజామున మన క్యాంపస్‌లో కానిస్టేబుల్ పరీక్షల కోసం ఉరికే పిల్లలను చూడండి. వాళ్లకు ఆ ధీమా ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు.

చెప్పుల్లేని కాళ్లు

రహీం భారత జట్టు కోచ్‌గా 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిపించారు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో అదే జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. చలిదేశంలో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమి తర్వాతే జాతీయ ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది.

వట్టి కాళ్ల ఆటను మన దేశంలో ఒక అందమైన కథగా చెప్పుకుంటారు. 1950 ప్రపంచ కప్‌కు భారత్ వెళ్లకపోవడానికి కూడా బూట్లు లేకపోవడమే కారణమని ఇప్పటికీ ప్రచారంలో ఉంది. నిజానికి అప్పట్లో ఫెడరేషన్ చెప్పిన కారణాలు వేరు: ప్రాక్టీసుకు సమయం లేదని, జట్టు ఎంపికలో విభేదాలున్నాయని. ప్రపంచ కప్ విలువ పెద్దలకు పట్టలేదన్నది చరిత్రకారుల మాట. పెద్దల నిర్ణయం తాలూకు నింద చివరికి ఆటగాళ్ల వట్టి కాళ్ల మీద పడింది. ఈ తీరు మనకు కొత్తేమీ కాదు.

తెలుగు ఊళ్లలో వట్టి కాళ్లు ముచ్చట కాదు. తోలు శుభ్రం చేసి, చెప్పు కుట్టి ఊరందరికీ తొడిగిన మాదిగ మనిషి దొర ఇంటి ముందు నుంచి నడిచేటప్పుడు తన చెప్పులు చేత పట్టుకోవాల్సి వచ్చింది. ఎవరి కాళ్లకు రక్షణ ఉండాలి, ఎవరి కాళ్లకు అక్కర్లేదు అని కులం నిర్ణయించింది. ఫుట్‌బాల్ కూడా తోలు, బూటూ తోలే. కాబట్టి ఆటగాడి కాలికి బూటు ఎవరు ఇస్తారు అన్నది సామాన్ల లెక్క కాదు. ఎవరి శరీరానికి విలువ ఉందన్న లెక్క.

తులసీదాస్ బలరాం కథ దీనికి సాక్ష్యం. తార్నాకకు ఉత్తరాన, సికింద్రాబాద్ దాటాక ఉన్న అమ్ముగూడలో పేద కుటుంబంలో పెరిగిన కుర్రాడు. కొత్త బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి వదిలేసిన పాత బూట్లను చెప్పులు కుట్టేవాడి చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడు. రహీం కన్ను ఆ కుర్రాడి మీద పడింది. శిక్షణకు రావడానికి బండి ఖర్చుకు డబ్బుల్లేవని తెలిసి, అద్దె సైకిలు కోసం రోజుకో రూపాయి ఇచ్చారు. ఆ సైకిలు మీద వచ్చినవాడే 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. రూపాయి చిన్నదే. కానీ ప్రతిభ ఉంటే వాడే వస్తాడులే అని కూర్చోకుండా, రాలేకపోవడానికి కారణమేమిటని అడిగిన నాయకత్వం చిన్నది కాదు.

మెల్‌బోర్న్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఇప్పటికీ అదే అత్యుత్తమం.

జకార్తా: గెలుపు, గాయం

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీంకు క్యాన్సర్ సోకింది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయిలాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. త్రిలోక్ సింగ్ కాలి వేలికి దెబ్బ. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కు జ్వరం. ఇజ్రాయెల్, తైవాన్‌లకు ఆతిథ్య దేశం అవకాశం ఇవ్వకపోవడం మీద భారత ప్రతినిధి జి.డి. సోంధీ చేసిన విమర్శతో ఊరు ఊరంతా మన జట్టు మీద కోపంగా ఉంది. పెద్దల మాటకు స్టేడియంలో ఈలలు, కేకలు భరించింది ఆటగాళ్లు.

రహీం జర్నైల్‌ను వెనక నుంచి తెచ్చి ముందు వరుసలో ఆడించారు. కుట్ల తలతోనే అతను సెమీఫైనల్‌లో గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్‌లో పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టగా భారత్ 2-1తో అదే దక్షిణ కొరియాను ఓడించింది.

ఈ ఘట్టాన్ని అందరూ వీరగాథగా చెబుతారు. మేము అక్కడే ఆగలేం. తలకు గాయమైన మనిషిని కొద్ది రోజుల్లోనే మళ్లీ ఆడించడాన్ని ఇవాళ్టి వైద్యం ఒప్పుకోదు. ఆ కాలంలో మ్యాచ్ మధ్యలో ఆటగాడిని మార్చే వీలు లేదు, తల గాయాల మీద ఇప్పుడున్న అవగాహన లేదు. అది ఆ కాలపు పరిమితి. ఆ పరిమితిని ఆదర్శం చేసుకుని, నొప్పిని ఓర్చుకునేవాడే మొనగాడు అని పిల్లలకు నూరిపోయడం మాత్రం మన కాలపు తప్పు. రహీం నుంచి నేర్చుకోవాల్సింది రూపాయి ఇచ్చిన చేతిని, కుట్లతో ఆడించిన పూటను కాదు.

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. వయసు 53. అదే ఏడాది బలరాం కూడా ఊపిరితిత్తుల జబ్బుతో, ముప్పై కూడా నిండకుండానే, ఆట మానుకున్నాడు.

కుర్చీలు మిగిలాయి

రహీం తర్వాత భారత్ మళ్లీ ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం గెలవలేదు. 1960 తర్వాత ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు. హైదరాబాద్ ఆట క్రమంగా మసకబారింది. పాత ఆటగాళ్లు, అభిమానులు ఎక్కువగా వేలు చూపింది సంఘాల లోపలి తగాదాల వైపే. 2022 ఆగస్టులో జాతీయ ఫెడరేషన్ పాలన వివాదాల వల్ల ఫిఫా భారత్‌ను కొన్ని రోజులు సస్పెండ్ చేసింది. అదే ఏడాది మార్చిలో ఐఎస్ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీలో ఆ తర్వాత జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివరికి 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. జెండాలు పట్టుకుని గొంతు చించుకున్న కుర్రాళ్లను ఎవరూ ఒక మాట కూడా అడగలేదు.

భద్రత మాటకొస్తే, 2012లో బెంగళూరు లీగ్ మ్యాచ్‌లో కుప్పకూలిన ఆటగాడిని మోయడానికి అంబులెన్స్ లేదు. ఆటోలో తీసుకెళ్లారు. ప్రాణం దక్కలేదు.

అభిమానుల కోపం ఉట్టిదే అనుకోనక్కర్లేదు. 2018లో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో, వాళ్లు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ శిక్షణలో ఎండదెబ్బ తగిలి ఒక 19 ఏళ్ల నల్లజాతి విద్యార్థి చనిపోయాడు. చల్లటి నీటిలో ముంచి ఒంటి వేడి దించాల్సిన సిబ్బంది ఆ పని చేయలేదు. కోచ్‌ను కొనసాగించాలని పాలకమండలి సిఫారసు చేసింది. విద్యార్థులు, అభిమానులు, తోటి ఆటగాళ్లు భగ్గుమన్నారు. మరుసటి రోజే కోచ్‌ను తీసేయక తప్పలేదు. నల్ల పిల్లల ఒంటి మీద నడిచే కోట్ల డాలర్ల ఆటను ఆ ఒక్క రోజు విద్యార్థులే నిలదీశారు.

మనమూ అడగగలం. ఉస్మానియాలోనైనా, జిల్లా కాలేజీలోనైనా, విద్యార్థి సంఘాలు హాస్టల్ మెస్ గురించి, ఫెలోషిప్ గురించి అడిగినంత గట్టిగా మైదానం గురించి కూడా అడగాలి. టోర్నమెంట్ రోజున గేటు దగ్గర అంబులెన్స్ ఉందా? తలకు దెబ్బ తగిలినవాడిని ఆపే అధికారం డాక్టరుకు ఉందా, కోచ్‌కే ఉందా? మే నెల ఎండలో శిక్షణ ఏ వేళకు ఆపుతున్నారు? బూట్లు, బీమా, పౌష్టికాహారం డబ్బు ఎవరి పేరున వస్తోంది, ఎవరికి చేరుతోంది? మోకాలు విరిగిన అమ్మాయికి మళ్లీ నడిచేదాకా వైద్యం ఎవరు చేయిస్తారు? క్రీడా కమిటీలో దళిత, ఆదివాసీ, బహుజన, ముస్లిం ఆటగాళ్లు ఎందరున్నారు, అందులో మహిళలు ఎందరు?

రహీం పేరు మీద విగ్రహం పెట్టమని మేము అడగడం లేదు. జీతం రాళ్లతో బతికిన ఒక బడిపంతులు, పిల్లవాడు మైదానానికి ఎందుకు రాలేకపోతున్నాడో కనుక్కుని తన జేబులోంచి రూపాయి తీశాడు. ఇప్పటి సంఘాలకు బడ్జెట్లు ఉన్నాయి, కార్యాలయాలు ఉన్నాయి, కార్లు ఉన్నాయి. వాళ్లు ఆ పాటి ప్రశ్న వేసుకునేదాకా, మన ప్రశ్నలు ఆపకూడదు.