హాస్యనటచక్రవర్తి రేలంగి వేంకటరామయ్యగారు

సభల సంచికలలో పండితుల చరిత్రములును, దాతల చరిత్రములును ప్రకటించుట పరిపాటి. ప్రజలను నవ్వించి జీవించినవాని చరిత్రమున కట్టి చోటు దొరకుట యరుదు. నవ్వించువాడు చులకన యను తలంపు మనలో చిరకాలమునుండి కలదు. ఆ తలంపెంత పొరపాటో తెలియుటకు రేలంగి వేంకటరామయ్యగారి జీవితము చక్కని నిదర్శనము. కావున పోషకమహాశయులును, సభ్యసోదరులును, సోదరీమణులును దీనిని సావధానముగ చదువ ప్రార్థన.

హాస్యము తెలుగువారికి క్రొత్తది కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడును, బంగారక్కయు రానిదే పల్లెజనులకు తృప్తి కలిగెడిది కాదు. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు చిన్నచిన్న ప్రహసనములు వ్రాసి సంఘదోషములను నవ్వుచేత ఖండించిరి. మన విశాఖసీమలోని ఎస్. రాయవరమున జన్మించిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, కడుపుబ్బ నవ్వించుచునే కంట తడి పెట్టించెను. రేలంగివారీ పరంపరలోనివారే. అయితే వీరి రంగస్థలము కాలక్రమమున వెండితెర యయ్యెను.

వేంకటరామయ్యగారు 1910 ఆగస్టు మాసమున గోదావరిసీమలో, రావులపాలెమునకు చేరువనున్న రావులపాడు గ్రామమున జన్మించిరి. తండ్రిగారు సంగీతమును, హరికథలను నేర్పువారు. శిశుప్రాయముననే తల్లిని గోలుపోయిన యీ బాలుడు కాకినాడలో పెరిగెను. ఇంట వినిన పాటయు, హరికథ చెప్పువారి యభినయమును ఆయన నాలుకకును, ముఖమునకును తొలిగురువులైనవి. బడిచదువుపై కంటె నాటకముపై మక్కువ హెచ్చెను. ఆ దినములలో కాకినాడయందు యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అను నాటకసమాజము పేరొందియుండెను. అందు చేరి, స్త్రీవేషములు మొదలు హాస్యపాత్రల వరకు దొరకినదానినెల్ల ధరించిరి. తరువాత ప్రఖ్యాతినందిన ఎస్. వి. రంగారావుగారును ఆ సమాజమున నటించినవారే.

1932లో తెలుగు మాటలాడు చిత్రము వెలువడినది. నాడు తెలుగు చిత్రములు పెక్కులు కలకత్తా, బొంబాయి నగరములలో తయారగుచుండెను. దర్శకులు సి. పుల్లయ్యగారు 1935లో తీసిన శ్రీకృష్ణతులాభారమున రేలంగివారికి చిన్న వేషము లభించెను. ఇంతటితో భాగ్యము పండినదని పాఠకులు తలపవచ్చును. కాని యట్లు జరుగలేదు. 1939లో వచ్చిన వరవిక్రయము మున్నగు చిత్రములలోను చిన్న పాత్రలే. వేషము లేనినాడు పుల్లయ్యగారియొద్దనే నటులను సమకూర్చుట, చిత్రనిర్మాణపు పనులు చూచుట మొదలగునవి చేయుచు కాలము గడపిరి. ఇట్లు పండ్రెండేండ్లు గడచినవి. వేరొకడైన విసిగి యింటికి మరలియుండును. ఈయన మరలలేదు, పుల్లయ్యగారును విడువలేదు.

ఆ యోపిక ఫలించిన సంవత్సరము 1947. పుల్లయ్యగారి గొల్లభామలో రేలంగివారి హాస్యము జనుల దృష్టిని పడెను. మరుసటియేడు వింధ్యరాణి వచ్చినది. 1949లో కె. వి. రెడ్డిగారి గుణసుందరి కథలో, అప్పటికే హాస్యమున మేటియైన కస్తూరి శివరావుగారు నాయకుడుకాగా, రేలంగివారు రాజుగారి యల్లుండ్రలో నొకడై సరిసమానముగ మెప్పొందిరి. అప్పటికి వయస్సు నలువదికి చేరువయైనది. అటుపై తీరిక లేకపోయెను. మొత్తముమీద మూడువందలకు పైగా చిత్రములలో నటించిరి.

వీరి నటనలో నొక విశేషమున్నది. 1951నాటి పాతాళభైరవిలో రాజుగారి బావమరది, 1957నాటి మాయాబజారులో లక్ష్మణకుమారుడు, 1963నాటి నర్తనశాలలో ఉత్తరకుమారుడు - ఈ మువ్వురును గొప్పయింటి పిరికివారు. బింకములు పలుకుటలో సింహములు; ఆపద వచ్చినప్పుడు పిల్లులు. గర్వముతో ఎగసిన కనుబొమలు క్షణములో భయముచే జారుట రేలంగివారి ముఖముననే చూడవలెను. మాయాశశిరేఖయైన సావిత్రిగారి చెంత పెండ్లిపీటలపై వారి యవస్థ నేటికిని పిల్లలను, పెద్దలను నవ్వించుచున్నది. నవ్వునకు గురియైనది పేదవాని పేదరికము కాదు, పెద్దవాని డాంబికము. అందుచేతనే యా హాస్యము ఎవరి మనస్సును నొవ్వచేయలేదు.

1955నాటి మిస్సమ్మలో దేవయ్యగా తన పాటను తానే పాడి రంజింపజేసిరి. స్థూలకాయులైన వీరికి బక్కపలుచని రమణారెడ్డిగారు జోడు. ఆ యిరువురు కనబడినంతనే ప్రేక్షకులు పకపక నవ్వెడివారు. సూర్యకాంతమ్మగారి గయ్యాళితనమునకు వీరి మెత్తదనము చక్కగ నమరెను. గిరిజగారితో జంటయు ప్రసిద్ధమే.

సంపాదించినదానిలో కొంత వెచ్చించి తాడేపల్లిగూడెమున రేలంగి చిత్రమందిరమును నిర్మించిరి. 1970లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చి గౌరవించెను. చులకనగా చూడబడిన విదూషకుని వృత్తికి ప్రభుత్వ గౌరవము దక్కుట తెలుగు హాస్యనటులందరికిని గర్వకారణమైనది. అంత్యదినములలో అనారోగ్యముచే బాధపడి, 1975 నవంబరు మాసమున తాడేపల్లిగూడెమున పరమపదించిరి.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినదేమి? 1970నాటి బిరుదమును చూచి చప్పట్లు కొట్టుట సులభము. 1935 మొదలు 1947 వరకు పేరులేని నటునకు పనియు, అన్నమును, ధైర్యమును కల్పించుట కష్టము. పుల్లయ్యగారివంటి యాశ్రయము లేకున్న రేలంగివారి ప్రజ్ఞ కాకినాడ వీధులలోనే యణగిపోయెడిదేమో! ఫలించిన చెట్టునకు నీరుపోయువారు పెక్కురు. మొలకకు పోయువారు కొందరే. మన చోడవరము ప్రాంతమునను పాడగల బాలురు, ఆడగల బాలికలు, పదిమందిని నవ్వింపగల యువకులు లేకపోలేదు. వారిని వెక్కిరింపక, చదువుతోపాటు వారి కళకును చేయూతనిచ్చుట పోషకులకు తగిన ధర్మము. బ్రదుకుబరువుతో వంగిన జనుని యొక్క గడియ నవ్వించుటయు నొక దానమే. అట్టి దానము చేయువారికి మన సంఘమున నెల్లపుడు చోటుండుగాక!