డిగ్రీ లేని ప్రొఫెసర్ - రిచర్డ్ టిట్మస్



మన వార్షికోత్సవ సంచికల్లో అంబేడ్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి ఎన్నోసార్లు చదువుకున్నాం. ఈసారి మనలో చాలామంది పేరు కూడా వినని ఒక ఇంగ్లీషు దేశస్థుణ్ణి పరిచయం చేస్తున్నాం. ఆయన పేరు రిచర్డ్ టిట్మస్. ప్రజల ఆరోగ్యానికి సర్కారు పెట్టే డబ్బు ఎంత, అది ఎవరి దాకా చేరుతోంది, ఎవరి దాకా చేరకుండా ఆగిపోతోంది అని లెక్క తీయడమే ఆయన జీవితమంతా చేసిన పని. ఆ పని ఇంగ్లాండులోనే కాదు, ఆఫ్రికాలోని టాంగన్యికాలోనూ, హిందూ మహాసముద్రంలోని మారిషస్‌లోనూ చేశారు. అంబేడ్కర్ గారు చదువుకున్న లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనే ఆయన ఇరవై మూడేళ్లు ప్రొఫెసరుగా ఉన్నారు. కానీ ఆయనకు డిగ్రీ లేదు. డిగ్రీ మాట అటుంచండి, పద్నాలుగో ఏటే బడి మానేశారు!

1907 అక్టోబరు 16న బెడ్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లాలో ఒక చిన్న రైతు ఇంట టిట్మస్ పుట్టారు. వ్యవసాయం కలిసిరాక తండ్రి కుటుంబంతో లండన్ చేరి సరుకు రవాణా వ్యాపారం పెట్టారు. అదీ సాగలేదు. కొడుకు ఆరు నెలలు పద్దులు రాయడం నేర్చుకుని ఒక టెలిఫోన్ కంపెనీలో ఆఫీసు బాయ్‌గా కుదిరాడు. 1926లో తండ్రి చనిపోయారు. అప్పటికి టిట్మస్‌కు పద్దెనిమిదేళ్లు. ఇంటి భారం నెత్తిన పడింది. ఒక బీమా కంపెనీలో గుమాస్తాగా చేరి పదహారేళ్లు అక్కడే పనిచేశారు.

పగలు ఆఫీసు, రాత్రి చదువు. ఆయన చదివినవి కథలూ నవలలూ కావు. ప్రభుత్వం అచ్చువేసే జనన మరణాల పట్టికలు! ఎవరూ తిరగేయని ఆ పుస్తకాల్లో ఆయనకు మనుషులు కనిపించారు. 1934లో సెలవులకు వేల్స్ కొండల్లో కాలినడకన తిరుగుతూ యువజనుల హాస్టల్ ఒకదానిలో దిగినప్పుడు కే మిల్లర్ అనే సమాజసేవికతో పరిచయమైంది. హాస్టల్ పరిచయం పెళ్లి దాకా వెళ్లిందన్నమాట. 1937లో వాళ్లు దంపతులయ్యారు. మరుసటి ఏడే పేదరికం, జనాభాల మీద ఆయన మొదటి పుస్తకం వచ్చింది. లండన్ చుట్టుపక్కల జిల్లాలతో పోలిస్తే ఉత్తర ఇంగ్లాండులోనూ వేల్స్‌లోనూ ఏటా వేలమంది అదనంగా చనిపోతున్నారని ఆ గుమాస్తా లెక్క కట్టి చూపించారు. 1943లో వచ్చిన మరో పుస్తకంలో పసిపిల్లల చావుల లెక్క తీశారు. మొత్తం మీద శిశుమరణాలు తగ్గిన మాట నిజమే గాని, 1911కూ 1931కీ మధ్య ఉన్నవాళ్ల బిడ్డలకూ కూలివాళ్ల బిడ్డలకూ ఉన్న తేడా మాత్రం తగ్గలేదని తేల్చారు. సగటు చూసి సంతోషపడకూడదు, ఎవరి సగటో అడగాలి అనే పద్ధతి ఆయనకు అక్కడ అబ్బింది.

ఆయన రాతలు చూసి, యుద్ధకాలంలో ప్రజలకు అందిన సేవల చరిత్ర రాసే పనికి ప్రభుత్వమే ఆయన్ని పిలిచింది. 1939 సెప్టెంబరు మొదట్లో బాంబుల భయంతో మూడు రోజుల్లో సుమారు పదిహేను లక్షల మందిని, ముఖ్యంగా పిల్లలనూ తల్లులనూ, పట్నాల నుంచి పల్లెలకు తరలించారు. మురికివాడల పిల్లలు ఏ స్థితిలో బతుకుతున్నారో దేశంలో మిగిలిన సగానికి అప్పుడే తెలిసింది. ఆ కథంతా రాసిన ఆయన పుస్తకం 1950లో వచ్చింది. అదే ఏడు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆయనను సామాజిక పరిపాలన శాఖకు తొలి ప్రొఫెసరుగా తీసుకుంది. సర్టిఫికెట్లు అడగకుండా పని చూసి ఇచ్చిన కుర్చీ అది. మన దేశంలో ఇలాంటిది జరుగుతుందా అని మేం చాలాసేపు వాదించుకున్నాం. తేలలేదు.

ఇంగ్లాండులో అందరికీ ఉచిత వైద్యం 1948 జూలై 5న మొదలైంది. నాలుగైదేళ్లకే ఖర్చు భరించలేకపోతున్నాం అని గోల లేచింది. 1953లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ కోసం టిట్మస్, ఆయన యువ సహచరుడు బ్రయాన్ ఏబెల్ స్మిత్ లెక్కలు తీశారు. తీరా చూస్తే జాతీయాదాయంలో ఆ వైద్యం వాటా 1949-50లో 3.75 శాతం, 1953-54 నాటికి 3.25 శాతం. అంటే పెరగలేదు సరికదా, తగ్గింది! 1956లో నివేదిక బయటపడ్డాక గోల చల్లబడింది.

ఇక మారిషస్ సంగతి. మన కోరంగి రేవు నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల సంతతి ఈనాటికీ ఉన్న దీవి అది. అక్కడ తెలుగువాళ్లకు కోరంగీలు అనే పేరే పడిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దోమల మందు కొట్టి మలేరియాను అణచడంతో చావులు ఒక్కసారిగా తగ్గాయి, జనాభా ఏటా సుమారు మూడు శాతం చొప్పున పెరగసాగింది. ఉన్న పంట ఒక్క చెరకు. ఏం చేయాలో చెప్పమని అప్పటి వలస ప్రభుత్వం టిట్మస్‌ను అడిగింది. 1961లో అచ్చయిన నివేదికలో ఆయన బృందం అందరికీ వైద్యసేవ, పేద కుటుంబాలకు భత్యం, కోరిన వాళ్లకు కుటుంబ నియంత్రణ - మూడూ కలిపి చెప్పింది. భత్యం ముగ్గురు పిల్లల వరకే అంది. మత పెద్దల నుంచి అభ్యంతరాలు వచ్చాయి, ప్రభుత్వం కొంతకాలం వెనకాడింది. చివరికి 1960ల మధ్య నుంచి కుటుంబ నియంత్రణకు సర్కారు అండ దొరికింది, కాన్పుల సంఖ్య ఒక తరం లోపే సగానికి పడిపోయింది. ఆ పేరంతా టిట్మస్‌కే కట్టబెట్టలేం. చదువుకున్న ఆడపిల్లల పాత్ర అంతకంటే పెద్దదని మా అభిప్రాయం.

టాంగన్యికా కథ ఇంకా గట్టిది. ఆ దేశానికి 1961 డిసెంబరు 9న స్వాతంత్ర్యం వచ్చింది. జనాభా కోటికి దగ్గర. ఆ దేశస్థులైన డాక్టర్లు మాత్రం డజను మంది! మిగిలిన వాళ్లంతా బయటి నుంచి వచ్చినవాళ్లే. కొత్త ప్రభుత్వం మీద రెండు రకాల ఒత్తిళ్లు ఉంటాయి. రాజధానిలో పెద్ద ఆసుపత్రి కట్టి స్వతంత్ర దేశమని లోకానికి చూపించుకోవాలనే ఆశ ఒకటి. అడవుల్లో, మైదానాల్లో చెదురుమదురుగా ఉన్న పల్లెల్లో విరేచనాలతో, పొంగుతో, మలేరియాతో చచ్చిపోయే పిల్లలు రెండోది. పిల్లలు ఊరేగింపులు తీయలేరు కదా!

ఆఫ్రికన్ మెడికల్ అండ్ రీసెర్చ్ ఫౌండేషన్ ద్వారా టిట్మస్ అధ్యక్షతన ఐదుగురి బృందం అక్కడి ఆరోగ్య సేవలను పరిశీలించింది. ఏబెల్ స్మిత్‌తో పాటు మలేరియా నిపుణుడు జార్జ్ మెక్‌డొనాల్డ్, వైద్యులు ఆర్థర్ విలియమ్స్, క్రిస్టఫర్ వుడ్ అందులో ఉన్నారు. 1964లో నివేదిక ఇచ్చారు. అందులోని ఆలోచన మనకు తెలిసిన మాటల్లో చెబితే ఇదీ: ఆసుపత్రి కట్టడం ఒకసారి ఖర్చు, నడపడం ఏటేటా ఖర్చు. పెద్ద ఆసుపత్రి లేచిందంటే జీతాలు, మందులు, కరెంటు, రిపేర్ల పేరుతో ప్రతి బడ్జెట్‌లోనూ ముందుగా తన వాటా తినేస్తుంది. బిల్డింగు శాంక్షనైనా మెస్ చార్జీలు రాక ఎదురుచూసిన వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. పైగా ఆసుపత్రి ఎంత మంచిదైనా దానికి వచ్చేది చుట్టుపక్కల వాళ్లే. దూరం పెరిగే కొద్దీ రోగులు తగ్గిపోతారు. రోగం లేక కాదు, నడిచి రాలేక.

అందుకని పెద్ద ఆసుపత్రుల విస్తరణకు కళ్లెం వేసి, పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలు పెట్టమన్నారు. చుట్టూ ఉన్న చిన్న డిస్పెన్సరీలను ఆ కేంద్రమే చూసుకుంటుంది. టీకాలు, గర్భిణుల పరీక్ష, మంచినీరు, మరుగుదొడ్ల పని, చిన్న చిన్న జబ్బులకు మందు అన్నీ ఒకే చోట. డాక్టర్లు తయారయ్యే దాకా ఆగకుండా, స్థానిక కుర్రవాళ్లకు, ఆడపిల్లలకు తక్కువ కాలం శిక్షణ ఇచ్చి వైద్య సహాయకులుగా పంపమన్నారు. మన దేశంలో 1946లో భోర్ కమిటీ చెప్పిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఆలోచనకు ఇది దగ్గర చుట్టమే.

నివేదిక ఇచ్చిన ఏడాదే టాంగన్యికా, జాంజిబార్ కలిసి టాంజానియా అయ్యాయి. పని మాత్రం వెంటనే జరగలేదు. కొన్నాళ్లు డబ్బు ఆసుపత్రుల వైపే పోయింది. 1967లో నైరేరే ప్రభుత్వం అరుషా ప్రకటనతో పల్లెల వైపు మళ్లాక, 1970లలో కేంద్రాలు వేగంగా లేచాయి. స్వాతంత్ర్యం నాడు 22గా ఉన్న గ్రామీణ ఆరోగ్య కేంద్రాలు 1980 నాటికి 200 దాటాయి. ఆ తర్వాత ఆర్థిక సంక్షోభం వచ్చింది. కేంద్రాలున్నా మందుల్లేని రోజులు చూశారు. 1993 నుంచి ఆసుపత్రుల్లో ఫీజులూ మొదలయ్యాయి. మంచి ప్లాను ఉంటే చాలదు, దాన్ని ఏటేటా పోషించే డబ్బూ కావాలని ఆ లెక్కల మనిషికి తెలియనిది కాదు. అప్పటికి ఆయన లేరు.

1970లో టిట్మస్ రక్తదానం మీద రాసిన పుస్తకం ఆయనకు ప్రపంచమంతా పేరు తెచ్చింది. అప్పట్లో ఇంగ్లాండులో రక్తం ఊరకే ఇచ్చేవారు, అమెరికాలో చాలా రక్తం కొనేవారు. కొన్న రక్తంలో కామెర్ల ముప్పు ఎక్కువ, వృథా ఎక్కువ, అమ్ముకునేది పేదవాడు అని ఆయన చూపించారు. కెనెత్ ఏరో వంటి మహా ఆర్థికవేత్తలు ఆయనతో విభేదించారు, ఆ వాదన చాలాకాలం నడిచింది. అయితే 1978 నుంచి అమెరికాలో రక్తం సంచీ మీద అది కొన్నదో దానమిచ్చిందో రాయక తప్పలేదు. మన దేశంలోనూ సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో, 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తం అమ్మడం నిషేధమైంది. హాస్టల్ నుంచి రక్తదాన శిబిరాలకు వెళ్లే డిగ్రీ అన్నలు ఈ పుస్తకం సంగతి తెలుసుకుంటే బాగుంటుంది.

ఆయనలో లోపాలు లేవని మేం అనడం లేదు. 1960ల చివర్లో తన కాలేజీలో విద్యార్థులు ఉద్యమం చేస్తే ఆయన వాళ్ల పక్షాన నిలబడలేదు. ఆయన పనికి మొదటి నుంచి తోడుగా ఉన్న భార్య కే తన ఉద్యోగం వదులుకుని ఇంట్లోనే ఉండిపోయారు. వాళ్ల కూతురు ఆన్ ఓక్లీ తర్వాత పేరున్న సామాజిక శాస్త్రవేత్త అయ్యి, అమ్మానాన్నల గురించి ఒక పుస్తకమే రాశారు. సమానత్వం గురించి రాసిన ఇంట్లో అది ఎంతవరకు ఉందో ఆమె నిర్మొహమాటంగా చూశారు.

చివరి రోజుల్లో టిట్మస్‌కు కాన్సర్ వచ్చింది. లండన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రికే, అందరితో పాటే వెళ్లారు. రేడియేషన్ గది బయట ఆయనతో పాటు ట్రినిడాడ్ నుంచి వచ్చిన పాతికేళ్ల నల్లజాతి యువకుడు ఒకడు వేచి ఉండేవాడు. అతనికీ కాన్సరే. ఒక్కోరోజు ముందు అతణ్ణి పిలిచేవారు, ఒక్కోరోజు ఈయనను. ఎవరు ముందన్నది రంగును బట్టి, మతాన్ని బట్టి, హోదాను బట్టి కాక, ఆ రోజు రోడ్ల మీద రద్దీ వల్ల ఎవరి బండి ఆలస్యమైందో దాన్ని బట్టి ఉండేదని టిట్మస్ గమనించారు. దాన్ని తన ఆఖరి రచనల్లో రాసుకున్నారు. 1973 ఏప్రిల్ 6న కన్నుమూశారు. ఆ మాటలున్న పుస్తకం మరుసటి ఏడు అచ్చయింది.