రాజా రామమోహనరాయలు - రాజ్యాధికార పరిమితి

ఆంధ్రదేశమున రాజా రామమోహనరాయల పేరు బ్రహ్మసమాజముతోడను, సహగమన నిషేధముతోడను ముడివడి యున్నది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు, రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు మొదలగువారు ఆయన మతసంస్కారమునే ప్రధానముగా తెలుగువారికి పరిచయము చేసిరి. కాని కలకత్తాలో ఆయన గడపిన 16 సంవత్సరముల జీవితమును, ఇంగ్లండునందలి తుది దినములను పరిశీలించినచో, ప్రభుత్వాధికారమునకు హద్దు ఏది, ప్రజల వాక్కునకును ఆస్తికిని వర్తకమునకును రక్ష ఏది అను ప్రశ్న ఆయన రచనలలో అడుగడుగున గోచరించును. స్వేచ్ఛావాదమని నేడు పిలువబడు రాజనీతిచింతనకు ఆధునిక భారతదేశమున తొలి రూపములలో నొకటి ఆయన అర్జీలలోను సాక్ష్యములలోను లభించును. ఆ చింతన ఎట్లు పెరిగినదో, ఎచట ఆగిపోయినదో ఆయన జీవితక్రమము ననుసరించి విచారింపవలసి యున్నది.

రామమోహనుడు 1772లో వంగదేశమున హుగ్లీ మండలములోని రాధానగరమున జన్మించెను. జన్మసంవత్సరము 1774 అని చెప్పువారును కలరు. ఆయన చిన్ననాట పారసీ, అరబ్బీ, సంస్కృత భాషలను అభ్యసించి, 1803-04 ప్రాంతమున తుహ్‌ఫత్-ఉల్-మువాహ్హిదీన్ అను ఏకేశ్వరవాద గ్రంథమును అరబ్బీ పీఠికతో పారసీ భాషయందు ప్రకటించెను. తరువాత కంపెనీ ఉద్యోగియగు జాన్ డిగ్బీ కొలువున నుండి ఇంగ్లీషు భాషను చక్కగా నేర్చెను. 1809 జనవరిలో ఆయన భాగల్పూరున పల్లకిలో పోవుచుండగా, తనకు గౌరవము చూపుటకై పల్లకి దిగలేదని కలెక్టరు సర్ ఫ్రెడరిక్ హామిల్టన్ ఆయనను దూషించెను. రామమోహనుడు ఊరకుండక ఆ సంవత్సరమే గవర్నరు జనరలు లార్డు మింటోకు ఇంగ్లీషున అర్జీ వ్రాసెను. తనకు జరిగిన అవమానమును చెప్పుటతో తృప్తినొందక, అధికారి మనసు వచ్చినట్లు నడచుచో మర్యాదస్థుడగు దేశీయుని మానమునకు ప్రభుత్వ నియమములవలన కలుగు రక్ష ఏమని ఆయన అందు వాదించెను. ఇకమీద ఇట్టి తగవులకు దిగవలదని ప్రభుత్వము హామిల్టన్‌ను హెచ్చరించెను. వ్యక్తిగతమగు ఫిర్యాదును సామాన్య న్యాయసూత్రముగా మార్చు ఈ పద్ధతియే ఆయన తరువాతి రచనలన్నింటికిని లక్షణమైనది.

1814లో ఆయన ఉద్యోగము విడిచి కలకత్తాలో స్థిరపడి, మరుసటి యేట ఆత్మీయసభను నెలకొల్పెను. నాటి కలకత్తాలో పాలకుడును వర్తకుడును ఒక్కరే. చట్టము చేయునది కంపెనీ; పన్ను వసూలు చేయునది కంపెనీ; ఉప్పును నల్లమందును గుత్తగా అమ్మునదియు కంపెనీయే. 1813 నాటి సన్నదు చట్టము భారతదేశముతోడి వర్తకమున కంపెనీ గుత్తను తొలగించినను, చీనా వర్తకమును తేయాకు వర్తకమును దానికే విడిచెను. ఒకే సంస్థ కొలుచుటయు తీర్పు చెప్పుటయు చేయుచున్నప్పుడు తప్పు చూపగలవాడు ఎవడు? రామమోహనుడు ఈ ప్రశ్నకు మొదట పత్రికలయందు సమాధానము వెదకెను.

1821 డిసెంబరులో వంగభాషయందు సంబాద కౌముది, 1822 ఏప్రిలులో పారసీ భాషయందు మిరాత్-ఉల్-అఖ్బార్ ఆయన పూనికతో వెలువడెను. భాషల ఎన్నికయందును ఆయన ఉద్దేశము స్పష్టము. వంగపత్రిక సామాన్య గృహస్థులకు, పారసీ పత్రిక పాలనాభాష నెరిగిన విద్యావంతులకు, ఇంగ్లీషు అర్జీలు పాలకులకు ఉద్దేశింపబడినవి. 1823లో తాత్కాలిక గవర్నరు జనరలు జాన్ ఆడమ్, కలకత్తా జర్నల్ సంపాదకుడగు జేమ్స్ సిల్క్ బకింగ్‌హామును దేశమునుండి వెడలగొట్టి, ప్రభుత్వ లైసెన్సు లేనిదే పత్రిక ప్రకటింపరాదని శాసించెను. లైసెన్సును ఇచ్చుటయు తీసివేయుటయు ప్రభుత్వము ఇష్టము. ద్వారకానాథ ఠాకూరు, ప్రసన్నకుమార ఠాకూరు మొదలగువారితో కలిసి మొత్తము ఆరుగురు సంతకము చేసిన విజ్ఞాపనము సుప్రీంకోర్టునకు సమర్పింపబడెను. విశాల సామ్రాజ్యమున దూరముననున్న పాలకునకు తన ఉద్యోగుల తప్పులు తెలియుటకు పత్రికలే సాధనమనియు, మొర చెప్పుకొన వీలున్న ప్రజలు తిరుగుబాటు చేయరనియు అందలి వాదసారము. న్యాయమూర్తి మెక్‌నాటన్ దానిని త్రోసివేసెను. ఇంగ్లండు రాజునకు పంపిన అర్జీయు ఫలింపలేదు. రామమోహనుడు లైసెన్సును యాచింపక, తన కారణములను పాఠకులకు తెలిపి మిరాత్-ఉల్-అఖ్బార్‌ను నిలిపివేసెను.

జూరీ చట్టము విషయమునను ఆయన దృష్టి ఇట్టిదే. 1826 నాటి చట్టము ప్రకారము హిందువులను ముసల్మానులను క్రైస్తవ జూరీలు విచారింపవచ్చును. క్రైస్తవులను విచారించు జూరీలో వీరికి చోటు లేదు. ప్రభుత్వము మతమునుబట్టి పౌరులకు హెచ్చుతగ్గులు కల్పించుట అన్యాయమని 1828లో ఆయన ఖండించి, పార్లమెంటునకు అర్జీ పంపుటలో తోడ్పడెను. 1832లో ఈ నిర్బంధము తొలగింపబడెను.

ఆస్తిహక్కును గూర్చిన ఆయన రచన ధర్మశాస్త్ర పండితులకు విశేషముగా గమనింపదగినది. ఆంధ్రదేశమున విజ్ఞానేశ్వరుని మితాక్షర ప్రమాణము; దానిని కేతన తెలుగున అనుసరించి వ్రాసియుండెను. మితాక్షర మతమున పిత్రార్జితముపై కుమారునకు జన్మముతోనే హక్కు కలుగును. జీమూతవాహనుని దాయభాగము ననుసరించు వంగదేశమున తండ్రి జీవించియున్నంతకాలము ఆస్తి ఆయనదే. కలకత్తా సుప్రీంకోర్టు తండ్రికిగల విక్రయాధికారమును పరిమితము చేయ మొదలిడగా, 1830లో రామమోహనుడు వంగదేశ న్యాయానుసారముగా పిత్రార్జితముపై హిందువులకుగల హక్కులను గూర్చి ఇంగ్లీషున ఒక గ్రంథము వ్రాసెను. తరతరములుగా ఆ న్యాయమును నమ్మి క్రయవిక్రయములును అప్పులును జరిగినవి. న్యాయమూర్తి తన అభిప్రాయము చేత దానిని మార్చినచో ఒప్పందములకు నిలుకడ యుండదని ఆయన వాదము. న్యాయాధికారియు న్యాయమునకు లోబడవలసినవాడే అను సూత్రము ఇందు అంతర్భూతమై యున్నది. అయినను ఆయన పురుషుల ఆస్తిహక్కుతో నిలిచినవాడు కాడు. ప్రాచీన స్మృతులు స్త్రీలకిచ్చిన దాయభాగమును తరువాతి వ్యాఖ్యాతలు హరించిరని 1822లోనే ఒక చిన్న గ్రంథమున చూపియుండెను.

సహగమన విషయమున ఆయన నడవడి మరింత విచారింపదగినది. 1818 నుండి ఆ ఆచారమును శాస్త్రప్రమాణములతో ఖండించినవాడే, 1829లో లార్డు బెంటింకు సలహా కోరగా, హఠాత్తుగా నిషేధశాసనము చేయుటకంటె ఆటంకములను పెంచుచు పోలీసుల మూలమున నెమ్మదిగా అణచుట మేలని చెప్పెను. ప్రభుత్వము ప్రజల మతమున చేయిపెట్టినదను శంక కలుగునని ఆయన భయము. బెంటింకు ఈ అభిప్రాయమును తన నివేదికలో పేర్కొనియు, 1829 డిసెంబరు 4న నిషేధశాసనమును ప్రకటించెను. శాసనము వెలువడిన పిమ్మట రామమోహనుడు దానిని సంపూర్ణముగా సమర్థించి, దానిని రద్దుచేయింప ధర్మసభవారు లండనుకు పంపిన అర్జీకి వ్యతిరేకముగా పాటుపడెను. 1832 జులైలో ప్రీవీ కౌన్సిలు ఆ అర్జీని త్రోసివేసెను. ప్రాణరక్షణ ప్రభుత్వధర్మమని ఆయన అంగీకరించెను. ఆ ధర్మము పేరిట అధికారము విస్తరించునేమో యను సంశయమును మాత్రము తొలుత విడువలేకపోయెను.

1829 డిసెంబరు 15న కలకత్తా టౌన్ హాలులో జరిగిన సభలో ఆయనయు ద్వారకానాథ ఠాకూరును స్వేచ్ఛావాణిజ్యమును, యూరోపియనులు ఈ దేశమున భూములు కొని స్థిరపడుటను సమర్థించిరి. మొగలు చక్రవర్తి రెండవ అక్బరు ఇచ్చిన రాజా బిరుదముతో ఆయన 1830 నవంబరులో ఓడయెక్కి, 1831 ఏప్రిలులో లివర్‌పూలు చేరెను. కంపెనీ సన్నదును గూర్చి విచారించుచున్న పార్లమెంటు సంఘమునకు ఆయన వ్రాతమూలకముగా సాక్ష్యమిచ్చెను. న్యాయాధికారమును కార్యనిర్వహణాధికారమును వేరుచేయవలెను. శాసనములను వర్గీకరించి గ్రంథస్థము చేయవలెను. పంచాయతీ పద్ధతిని పోలిన జూరీ విచారణ యుండవలెను. ఇవి ఆయన కోరికలు. వంగదేశపు రైతు జమీందారుల లోభమునకును, మదరాసు రాజధానియందలి రైతు కొలతగాండ్ర, రెవిన్యూ ఉద్యోగుల పీడనమునకును లోబడి సమానముగా దుఃఖించుచున్నాడని చెప్పి, జమీందారునకువలెనే రైతునకును పన్ను శాశ్వతముగా నిర్ణయింపవలెనని కోరెను. తాను భూస్వామియయ్యును ఇట్లు చెప్పుట విశేషము.

1832లో ఉప్పు గుత్తను గూర్చియు ఆయన సాక్ష్యమిచ్చెను. తూర్పుతీరమున ఉప్పు కొటారుల నెరిగిన తెలుగువారికి ఈ విషయము క్రొత్తగాదు. 1805 నుండి మదరాసు ప్రభుత్వమును ఉప్పును గుత్తచేసికొని యుండెను. వంగదేశమున మలంగీలు ఉప్పునీటిని కాచి తీసిన ఉప్పును కంపెనీ తీసికొని వేలమువేయగా, ధనికులగు కొలదిమంది వర్తకులు కొని ధరలు పెంచుచుండిరి. పేదకు దొరకునది మట్టి కలిసిన ఉప్పు. గుత్త తొలగించి చౌకయగు ఉప్పును రానిచ్చినచో ప్రజలు సంతోషించెదరనియు, మలంగీలు వేరు పనులలో బ్రతుకగలరనియు రామమోహనుని అభిప్రాయము. ఫ్రాన్సు ప్రయాణమునకు అనుమతిపత్రము కావలసివచ్చినప్పుడు, శాంతికాలమున మానవుల రాకపోకలను ప్రభుత్వములు నిరోధించుట తగదని ఫ్రెంచి విదేశాంగమంత్రికి లేఖ వ్రాసి, దేశముల తగవులను ఉభయపక్షముల ప్రతినిధులు కూడిన సభ తీర్పవలెనని సూచించెను.

ఆయన చింతనకు పరిమితులును కలవు. నీలిమందు తోటల దొరల సమీపమున రైతులు మెరుగుగా జీవించుచున్నారని ఆయన 1829లో చెప్పెను. 1859-60లో వంగదేశపు రైతులు ఆ దొరల దౌర్జన్యముపై తిరుగబడుట ఆ మాటకు చరిత్ర చెప్పిన సమాధానము. ప్రభుత్వోద్యోగి నిరంకుశత్వమును అంత సూక్ష్మముగా గుర్తించినవాడు, ముందుగా సొమ్ము అప్పిచ్చి రైతును బంధించు దొర నిరంకుశత్వమును తగినంత గుర్తింపలేదు. వర్తకస్వేచ్ఛ ఇరువైపుల సమానముగా లేకపోవుట మరియొక చిక్కు. ఇంగ్లండు వస్త్రములు ఇచటికి స్వల్పసుంకముతో వచ్చుచుండగా, వంగదేశపు నూలు పట్టు బట్టలపై అచట అధికసుంకము విధింపబడుచున్నదని 1831లో వంగదేశీయులు కొందరు బ్రిటిషు ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనవలసి వచ్చెను. ఉప్పు విషయమునను, తరువాతి కాలమున లివర్‌పూలు ఉప్పు వంగదేశపు బజారును ఆక్రమింపగా మలంగీల వృత్తి నశించెను. గుత్త పోయినది, దానితో పనివాని కూడును పోయినది.

వర్తకపు ఒడుదుడుకులు ఆయననే తాకినవి. ఆయన ధనవ్యవహారములు చూచుచుండిన మెకింటాష్ సంస్థ 1833లో దివాలా తీయగా, పరదేశమున ధనమునకు ఇబ్బందిపడెను. ఆ సంవత్సరము ఆగస్టు 28న వెలువడిన సన్నదు చట్టము కంపెనీ వర్తకమును పూర్తిగా మాన్పించి, మతము, జన్మము, వర్ణము కారణముగా ఏ దేశీయుడును ఉద్యోగమునకు అనర్హుడు కాడని ప్రకటించెను. కాని ఆ చట్టమే దేశమునకంతటికి శాసనములు చేయు అధికారమును కలకత్తాలోని గవర్నరు జనరలు సభకు కూడబెట్టెను. ఒకవైపు తగ్గిన అధికారము వేరొకవైపు పెరిగినది. దీని ఫలితములను చూచుటకు రామమోహనుడు జీవించియుండలేదు. 1833 సెప్టెంబరు 27న బ్రిస్టలు నగరసమీపమున స్టేపుల్‌టన్‌లో మరణించెను. 1843లో ద్వారకానాథ ఠాకూరు ఆయన భౌతికశేషమును ఆర్నోస్ వేల్ శ్మశానమునకు మార్పించి సమాధిమండపము కట్టించెను.

1835లో సర్ చార్లెస్ మెట్కాఫ్ ప్రభుత్వము పత్రికల లైసెన్సును రద్దుచేసెను. పండ్రెండేండ్లకు ముందు ఆరుగురు చేసిన విజ్ఞాపనము ఇట్లు సఫలమైనది. రామమోహనుడు రాజ్యమే వలదనినవాడు కాడు. రైతు పన్నును నిర్ణయింపవలసినది రాజ్యమే. స్త్రీ ప్రాణమును కాపాడవలసినదియు రాజ్యమే. కారణము చెప్పనక్కరలేని అధికారమును మాత్రము ఆయన ఎన్నడును అంగీకరింపలేదు. అట్టి అధికారము ప్రభుత్వ భవనములందేకాక తోటలందును, ధాన్యపు కొట్లయందును, వడ్డీ పత్రములందును ఉండగలదను విషయమును తరువాతి తరములవారు తెలిసికొనిరి. ఆయన వేసిన ప్రశ్నను అచటికిని విస్తరింపజేయుటయే వారికి మిగిలిన పని.