హల్ హౌస్ జేన్ ఆడమ్స్

భాష తెలియని ఊరిలో కాపురం పెట్టిన తల్లిదండ్రుల స్థితి ఎటువంటిదో ఊహించడం కష్టం కాదు. బడికి పోయే బిడ్డ కొద్ది నెలలలో కొత్త భాష పట్టుకొంటాడు. తండ్రికి నాలుగేండ్లయినా అది నోట పలకదు. దుకాణంలో బేరమాడేది బిడ్డ, కచేరీలో సమాధానం చెప్పేది బిడ్డ, ఇంటి యజమాని వ్రాసిన చీటీ చదివి పెట్టేది బిడ్డ. క్రమంగా ఆ ఇంట పెద్ద ఎవరో, పిన్న ఎవరో తెలియకుండా పోతుంది. ఇంట ఒక భాష, బజారున ఒక భాష, తరగతిలో మరొక భాష వాడుకొనే మా వంటి విద్యార్థులకు ఈ చిక్కు కొంత అనుభవమే. పందొమ్మిదవ శతాబ్ది చివర అమెరికాలోని చికాగో నగరంలో ఈ చిక్కును కన్నులారా చూచి, ఆ వలస జనుల నడుమనే నలుబది యేండ్లకు పైగా నివసించిన జేన్ ఆడమ్స్ జీవితాన్ని ఈ సంచికలో పరిచయం చేయ సంకల్పించాము.

ఆమె 1860 సెప్టెంబరు 6న ఇల్లినాయ్ రాష్ట్రంలోని సెడార్‌విల్ గ్రామంలో జన్మించింది. తండ్రి పిండిమరల యజమాని, రాష్ట్ర సెనేట్ సభ్యుడు, అబ్రహాం లింకన్‌కు మిత్రుడు. రెండేండ్ల ప్రాయంలోనే తల్లి గతించింది. బాల్యంలో సోకిన క్షయ వలన వెన్ను వంగింది. ఇంత వంకర పిల్ల అంత గంభీర పురుషుని కుమార్తె అని కొత్తవారికి తెలిస్తే ఆయనకు చిన్నతనమని తలచి, ఆదివారం చర్చి నుండి వచ్చేటప్పుడు ఆమె తండ్రి ప్రక్కన గాక పినతండ్రి ప్రక్కన నడిచేదట. ఒకనాడు పట్టణంలో, నడివీధిలో, నలుగురూ చూస్తుండగా తండ్రి తన ఎత్తైన పట్టు టోపీ తీసి ఆ చిన్నపిల్లకు వంగి నమస్కరించాడు. ఆ క్షణంతో ఆమె మనస్సులోని బరువు దిగిపోయింది. తన వారి ఎదుట, తన వారిని గూర్చి కలిగే సిగ్గు ఎట్టిదో ఆమె ఎరుగును. తర్వాతి కథకు ఇది అవసరం కనుక ముందే చెప్పాము.

రాక్‌ఫర్డ్ విద్యాలయంలో 1881లో చదువు ముగిసింది. ఆ వేసవిలోనే తండ్రి మరణించాడు. వైద్యవిద్యకు ఫిలడెల్ఫియా వెళ్ళినా ఆరోగ్యం సహకరించలేదు. ఆపై ఏడెనిమిది యేండ్లు ఆమె జీవితంలో చెప్పుకోదగిన పని ఏదీ లేదు. ధనమున్నది, చదువున్నది, ఐరోపా యాత్రలున్నవి. చేయవలసినది ఏమిటో తెలియదు. 1888లో లండన్ తూర్పు పేటలోని టాయిన్‌బీ హాల్ చూచింది. విశ్వవిద్యాలయాలలో చదివిన యువకులు అక్కడ బీదల నడుమ కాపురముండి, వారితో కలసి మెలసి చదువు చెప్పేవారు. ఆ దృశ్యంతో ఆమెకు దారి దొరికింది.

మరుసటి యేడు 1889 సెప్టెంబరు 18న ఆమె, ఆమె స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్ కలసి చికాగో హాల్‌స్టెడ్ వీధిలోని ఒక పాత మేడలో ప్రవేశించారు. ఛార్లెస్ హల్ అనే స్థిరాస్తి వ్యాపారి 1856లో కట్టించిన ఇల్లది. అందువలననే హల్ హౌస్ అన్న పేరు. అప్పటికి దానికి ఒక ప్రక్క శవపేటికల దుకాణం, మరొక ప్రక్క సారాయి అంగడి. చుట్టూ ఇటలీ వారు, జర్మనులు, ఐరిష్ వారు, బొహీమియా వారు, రష్యా పోలెండ్‌ల నుండి ప్రాణాలరచేత పెట్టుకొని వచ్చిన యూదులు, తర్వాత గ్రీకులు. పగలంతా కార్ఖానాలలో పనిచేసి, రాత్రి ఇంగ్లీషు అక్షరాలు దిద్దుకొనేందుకు వారు ఈ ఇంటికి వచ్చేవారు. చదువు చెప్పేవారిలో అధికులు జీతం లేని స్వచ్ఛంద సేవకులు. ఆ ఇంట నివసించేవారు తమ గదికి, భోజనానికి తామే ఖర్చు పెట్టుకొనేవారు. బాలల బడి, రాత్రి తరగతులు, గ్రంథాలయం, చిత్రశాల, వ్యాయామశాల ఒకటొకటిగా వెలసి, 1907 నాటికి అది పదమూడు భవనాల సముదాయమైనది.

మొదటి సంవత్సరాలలో వారికి తమ పొరుగువారిని గూర్చి తెలిసినది స్వల్పం. తొలి క్రిస్మస్ పండుగకు పిల్లలను పిలిచి మిఠాయి పంచబోతే కొందరు ఆడపిల్లలు వద్దన్నారు. విచారించగా, వారు ఆరు వారాలుగా మిఠాయి కార్ఖానాలో ఉదయం ఏడు మొదలు రాత్రి తొమ్మిది దాకా పనిచేస్తున్నారనీ, మిఠాయి కంటబడితేనే రోత పుడుతున్నదనీ తెలిసింది. చదువు చెప్పాలంటే ముందు ఆ పిల్లలు మేలుకొని కూర్చోగలగాలి కదా! హల్ హౌస్ వారు బాలకార్మికుల స్థితిని గూర్చి సాగించిన విచారణల ఫలితంగా 1893లో ఇల్లినాయ్‌లో ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. ఆ ఇంటనే నివసించే ఫ్లోరెన్స్ కెల్లీ దాని అమలుకు ప్రధాన తనిఖీ అధికారిణి అయింది. వీధులలో చెత్త పేరుకొని బిడ్డలు రోగాల పాలగుచుంటే, 1895లో ఆడమ్స్ స్వయంగా ఆ వార్డు చెత్త తనిఖీదారు ఉద్యోగం స్వీకరించి, తెల్లవారుజామున బండ్ల వెంట తిరిగింది.

ఆమెను దేవతగా చూపడం మా ఉద్దేశం కాదు. ఆమె చేసిన తప్పొకటి ఆమే తన ఆత్మకథలో వ్రాసుకొన్నది. 1893 శీతకాలంలో పనులు లేక జనం అల్లాడుతున్న రోజులలో ఒక గుమాస్తా సహాయం కోరి వచ్చాడు. కాలువ త్రవ్వే పని దొరుకుతున్నది, అది చేయకుండా సహాయం లభించదని నియమం ప్రకారం ఆమె చెప్పింది. తాను ఎన్నడూ నీడపట్టున పనిచేసినవాడిననీ, చలిలో తాళలేననీ అతడు చెప్పుకొన్నాడు. అయినా పోయి రెండు దినాలు త్రవ్వాడు. న్యుమోనియా వచ్చి వారం దినాలకు మరణించాడు. అతని ఇద్దరు పసిబిడ్డలు ఆమె కళ్ళ ఎదుటనే పెరిగారు. ఎదుటి మనిషి జీవితం తెలియకుండా నియమం చేతబట్టి సహాయం చేయరాదని ఆమె నేర్చుకొన్నది ఆ బిడ్డలను చూచే.

1896లో రష్యా వెళ్ళి టాల్‌స్టాయ్‌ని దర్శించింది. ఆయన ఆమె గౌను చేతుల వెడల్పు చూచి, ఈ గుడ్డతో ఒక చిన్నపిల్లకు గౌను కుట్టవచ్చునని ఆక్షేపించాడు. నీవు తినే తిండి ఎవరు పండిస్తున్నారని కూడా అడిగాడు. ఆమె తలవంచుకొని వచ్చి, ఇకపై దినమూ రెండు గంటలు స్వయంగా రొట్టె కాల్చాలని నిశ్చయించుకొన్నది. చికాగో చేరి చూస్తే, గుమ్మం ముందు తన కొరకు వేచియున్న జనం! వారిని నిలబెట్టి రొట్టె కాల్చడం తన మనశ్శాంతికే గాని వారికి మేలు కాదని గ్రహించి ఆ వ్రతం మానుకొన్నది. టాల్‌స్టాయ్ మాట కాదనడానికి కొంత ధైర్యం కావాలి. ఈ విషయంలో మేము ఆమె పక్షమే.

ఇక మా దృష్టిలో ఆమె చేసిన అన్నింటికంటె గొప్ప పని 1900లో నెలకొల్పిన కార్మిక ప్రదర్శనశాల. వీధిలో ఒక ఇటలీ ముసలమ్మ పాతకాలపు చేతి కదురుతో నూలు వడకుతుండగా ఆమె చూచింది. ఈ విద్య తెలిసిన వారెందరో చుట్టుప్రక్కల ఉన్నారు. వారి బిడ్డలకు మాత్రం అది పల్లెటూరి మోటుతనంగా తోస్తున్నది. వడకడం, నేయడం, కుండలు చేయడం, పుస్తకాలు కట్టడం వంటి పనులను, వలస వచ్చిన పెద్దలే చేసి చూపే ఏర్పాటు చేసింది. అంతవరకు నేర్చుకొనే స్థానంలో ఉన్నవారు నేర్పే స్థానానికి వచ్చారు.

ఇటలీ బాలిక ఒకతె శనివారం సాయంత్రాలు హల్ హౌస్‌లో వంట తరగతికి వచ్చేది. అదే సమయానికి ఆమె తల్లి ప్రదర్శనశాలలో నూలు వడికేది. తలకు రుమాలు, మోటు బూట్లు, పొట్టి గౌను ధరించిన తల్లితో కలసి రావడం సిగ్గని ఆ పిల్ల వేరొక ద్వారం గుండా ప్రవేశించేది. ఒకనాడు ఉపాధ్యాయ విద్యాలయం వారు వచ్చి తల్లి చుట్టూ మూగి, ఆమె పనితనాన్ని మెచ్చుకొనడం ఆ పిల్ల కంటబడింది. అమెరికాలో కదురు పట్టేవారిలో మా అమ్మ అంత గొప్పదా అని ఆడమ్స్‌ను అడిగింది. ఆడమ్స్ ఆమెకు తల్లి పెరిగిన ఊరు, అక్కడి స్త్రీలు కూడి వడికే తీరు, ఆ గాలి, ఆ వెలుతురు విడిచి ఈ ఇరుకు ఇంటికి వచ్చినందున తల్లి పోగొట్టుకొన్నదేమిటో వివరించింది. కొద్ది దినాలకు, నాగరికం కాదని పెట్టె అడుగున దాచిన చేనేత దుస్తులు బయటకు వచ్చాయి. ఆ పిల్ల తల్లితో కలసి ఒకే ద్వారం గుండా రాసాగింది. 1908లో జాతీయ విద్యా సంఘం సభలో ఆడమ్స్ చేసిన ప్రసంగానికి సారం ఇదే: బడి వలస బిడ్డకు కొత్త దేశాన్ని ఇస్తున్నది గాని, అతనిని తల్లిదండ్రుల నుండి దూరం చేస్తున్నది. అప్పటికి ఆమె నగర విద్యామండలి సభ్యురాలు కూడా.

హిల్డా సాట్ అనే బాలిక 1892లో పోలెండ్ నుండి వచ్చిన యూదు కుటుంబంలోనిది. తండ్రి మరణించగా చదువు మాని అల్లిక కార్ఖానాలో చేరింది. హల్ హౌస్‌కు వచ్చినప్పుడు ఆడమ్స్ స్వయంగా ఆమెను ప్రదర్శనశాలకు తీసుకొనిపోయి చూపింది. తర్వాత ఆమె చొరవతోనే 1904లో ఆ కార్ఖానా పిల్ల చికాగో విశ్వవిద్యాలయంలో ఒక విడత చదువగలిగింది. తిరిగి వచ్చి కొత్తగా ఓడ దిగిన వారికి తానే ఇంగ్లీషు నేర్పింది.

1908లో ఒక ఉపద్రవం వచ్చిపడింది. కిషినెవ్ మారణకాండను చవిచూచి వచ్చిన లాజరస్ ఆవర్‌బుక్ అనే యూదు యువకుడు మార్చి 2న చికాగో పోలీసు అధిపతి ఇంట, ఆ అధిపతి తుపాకికే బలియైనాడు. పత్రికలు అతనిని అరాచకవాదిగా చాటాయి. రష్యా నుండి వచ్చిన వారందరి మీద అనుమానం కమ్మింది. వారిని వెనుకవేసుకొని రావద్దని ఎందరు చెప్పినా ఆడమ్స్ వినక, నిజం తేల్చేందుకు న్యాయవాదిని ఏర్పాటు చేయ పూనుకొన్నది. నిందలు ఆమె మీద కూడా పడ్డాయి. ఆ యేడే హల్ హౌస్ బృందం పూనికతో వలసదారుల రక్షణ సంఘం ఏర్పడి, రైలు స్టేషన్లలో ఒంటరిగా దిగే ఆడపిల్లలను కలుసుకొని గమ్యం చేర్చసాగింది.

మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఎదిరించినందుకు ఆమె దేశంలో తీవ్ర ద్వేషానికి గురియైనది. అదే కారణాన 1931లో నోబెల్ శాంతి బహుమతి పొందింది. 1935 మే 21న చికాగోలో కన్నుమూసింది. హల్ హౌస్‌లో ఉంచిన ఆమె భౌతికకాయాన్ని వేలాది పొరుగువారు దర్శించారు. సెడార్‌విల్‌లో తండ్రి సమాధి చెంతనే ఆమెను ఖననం చేశారు.

ఆ పదమూడు భవనాలలో అధికభాగం 1960ల తొలినాళ్ళలో విశ్వవిద్యాలయ నిర్మాణం కొరకు కూల్చబడినవి. ఆ పేరుతో సాగిన సేవాసంస్థ 2012లో మూతపడింది. పాత మేడ మాత్రం మ్యూజియంగా నిలిచి ఉన్నది. హిల్డా సాట్ వ్రాసుకొన్న జీవితకథ ఆమె మరణించిన ఇరువది రెండేండ్లకు, 1989లో, ఆమె కుమార్తె సంపాదకత్వంలో అచ్చయినది.