మీసాల అమ్మ

బాగా సాగుతున్న ప్లీడరు పని వదిలేసి, పసిపిల్లలకు కథలు చెప్పుకుంటానని కూర్చున్న మనిషిని మన ఇళ్ళల్లో అయితే ఏమంటారో వేరే చెప్పనక్కరలేదు. లా సీటు కోసం ఎదురుచూస్తున్న మిత్రులెవరైనా సెలవులకు వెళ్ళినప్పుడు ఇంట్లో ఆ మాట అని చూడవచ్చు! గుజరాతీవారైన గిజుభాయి బధేకా సరిగ్గా ఆ పనే చేశారు.

ఆయన అసలు పేరు గిరిజాశంకర్. 1885 నవంబరు 15న సౌరాష్ట్రలోని చితల్‌లో పుట్టారు. కాలేజీ చదువు మధ్యలోనే ఆగిపోయింది. 1907లో బతుకుతెరువు కోసం తూర్పు ఆఫ్రికా వెళ్ళారు. రెండేళ్ళకు తిరిగొచ్చి, బొంబాయిలో లా చదివి, వఢ్వాణ్‌లో ప్రాక్టీసు పెట్టారు. ఇంతవరకూ మామూలు మధ్యతరగతి కథే. 1913లో కొడుకు పుట్టేసరికి, వాణ్ణి ఎలా చదివించాలన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. ఆనాటి బడి అంటే బెత్తం, బట్టీయం. ఆ వెతుకులాటలోనే మరియా మాంటిస్సోరి రచన చేతికొచ్చింది. 1916లో ప్లీడరీకి స్వస్తి చెప్పి భావనగర్‌లో నానాభాయి భట్ నడుపుతున్న దక్షిణామూర్తి సంస్థలో చేరారు. కొన్నాళ్ళు పెద్ద పిల్లలతో పనిచేశాక, మార్పు రావాలంటే ఇంకా కింది నుంచి మొదలుపెట్టాలని తేల్చుకున్నారు. 1920లో పసిపిల్లల కోసం బాలమందిర్ తెరిచారు. అక్కడి గుట్టమీద కట్టిన కొత్త భవనాన్ని 1922లో కస్తూర్బా గాంధీ ప్రారంభించారు.

పద్ధతి మాంటిస్సోరిదే. అయితే ఒక్కచోట శిష్యుడు గురువు దారి విడిచాడు. పసివాళ్ళకు మాయల కథలూ మంత్రాల కథలూ చెప్పడం మాంటిస్సోరికి సమ్మతం కాదు. ఏది నిజమో ఏది కల్పనో తేల్చుకోలేని వయసులో అవి తికమక పెడతాయని ఆమె అభిప్రాయం. గిజుభాయి మాత్రం పల్లెటూళ్ళలో ముసలమ్మలు చెప్పే కథలన్నీ పోగుచేసి తెచ్చి బాలమందిర్ నడిమధ్యన పెట్టారు. వాటి వెంటే పాటలు, నాటకాలు వచ్చాయి. బీదబడికి ఖరీదైన ఆటసామగ్రి కొనిచ్చేవాడెవడు? కథకు కానీ ఖర్చు లేదు.

ఆయన కథల్లో ఒక కాకి ఉంది. రాజుకు కోపమొచ్చి దాన్ని బురదలో పడేయమంటాడు. బురదలో జారడం నేర్చుకుంటున్నానని అది హాయిగా పాడుతుంది. బావిలో వేయిస్తే ఈత నేర్చుకుంటున్నానంటుంది. ముళ్ళలో పడేయిస్తే చెవులు కుట్టించుకుంటున్నానంటుంది! వాక్యం అదే, మధ్యలో మాట ఒక్కటే మారుతుంది. మన ఏడుచేపల కథ నడకా ఇలాంటిదే. రెండుసార్లు వినేసరికి మూడోసారి ఏం రాబోతోందో పిల్లవాడు ముందే కనిపెట్టి, కొత్తమాటను తనే వాక్యంలో ఇరికిస్తాడు. వ్యాకరణం పేరెత్తకుండానే వాక్య నిర్మాణం వాడి నాలుకకు పట్టుబడుతుంది. నలుగురిలో నోరు పెగలని పిల్లకు సైతం కాకి వేషం ఇస్తే పాట బయటికొస్తుంది. మన సెమినార్లలో లేచి నాలుగు వాక్యాలు కలిపి చెప్పలేక తల వంచుకునేవాళ్ళని చూసినప్పుడల్లా, వీళ్ళకి చిన్నప్పుడు ఎవరూ కాకి వేషం ఇవ్వలేదు కాబోలు అనిపిస్తుంది నాకు.

ఏ వయసుకు ఏ కథ, దాన్ని ఎలా చెప్పాలి అన్నదాని మీద ఆయన ఏకంగా ఒక శాస్త్రగ్రంథమే రాశారు. కథ ముందు ఆనందం కోసం, చివర్లో నీతి తోక తగిలించకూడదు అన్నది ఆయన పట్టుదల. మన వాచకాలవాళ్ళకు ఈ మాట ఇంకా చేరినట్టు లేదు.

1930ల మొదట్లో రాసిన దివాస్వప్న ఆయన పేరును దేశమంతా మోసింది. తెలుగులోనూ పగటికలగా వచ్చింది. అందులో లక్ష్మీరాం అనే మాస్టారు నాలుగో తరగతితో ఏడాదిపాటు ప్రయోగం చేస్తాడు. తొలిరోజు మౌనం ఆట ఆడిద్దామని వెళితే పిల్లలు అల్లరితో క్లాసు ఎగరగొట్టేస్తారు. మర్నాడు కథ ఎత్తుకోగానే అంతా దగ్గరికి జరుగుతారు. పాఠ్యపుస్తకాల డబ్బుతో కథల పుస్తకాలు కొని క్లాసులో లైబ్రరీ పెడతాడు. తల్లిదండ్రులు ఊరుకుంటారా? తోటి మాస్టర్లు నవ్వరా? అన్నీ ఉన్నాయందులో. అది కల్పిత రచనే, నివేదిక కాదు. చివరికొచ్చేసరికి అన్నీ కాస్త సులువుగానే కుదిరిపోతాయని కూడా ఒప్పుకోవాలి. కానీ ఆ తొలిరోజు ఓటమి ఉంది చూశారూ, అది పిల్లలతో నిజంగా వేగినవాడు మాత్రమే రాయగలడు.

పిల్లలకు, టీచర్లకు, తల్లిదండ్రులకు కలిపి ఆయన చిన్నవీ పెద్దవీ దాదాపు రెండువందల పుస్తకాలు రాశారు. ఆయన దగ్గర పనిచేసిన తారాబాయి మోదక్ ఆ పనిని తర్వాత మహారాష్ట్రలోని గిరిజన పిల్లల దాకా తీసుకువెళ్ళారు. గుజరాతీలు ఆయన్ని మీసాల అమ్మ అని పిలుచుకున్నారు. 1936లో ఇరవై ఏళ్ళ అనుబంధం తెంచుకుని దక్షిణామూర్తి నుంచి బయటికొచ్చారు. ఆ తర్వాత ఎక్కువకాలం లేరు. 1939 జూన్ 23న బొంబాయిలో కన్నుమూశారు. అప్పటికి యాభై నాలుగు కూడా నిండలేదు.

అదే సంవత్సరం నవంబరులో మాంటిస్సోరి మొట్టమొదటిసారి భారతదేశానికి వచ్చి, మద్రాసు అడయారులో టీచర్లకు శిక్షణ మొదలుపెట్టారు. కాకి కథ మంచిదా చెడ్డదా అని గురుశిష్యులు ఎదురెదురుగా కూర్చుని వాదించుకునే అవకాశం ఐదు నెలల తేడాలో తప్పిపోయింది.